గుండె లయ తప్పిందని వాచీ చెబితే

చేతి వాచీ, గుండె దడ గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి ఒకేచోట జవాబులు ఇస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: నాకు 66 ఏళ్లు. బీపీకి మాత్ర వాడుతున్నాను. డల్లాస్‌లో ఉండే మా అబ్బాయి యాపిల్ వాచీ పంపాడు. పోయిన నెలలో రెండుసార్లు గుండె లయ సక్రమంగా లేదని, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చని హెచ్చరిక వచ్చింది. నాకైతే ఏమీ తెలియలేదు. మర్నాడు ఈసీజీ తీయిస్తే నార్మల్ అన్నారు. వాచీదే తప్పనుకుని వదిలేయవచ్చా?
ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వదిలేయకండి. వాచీ చెప్పిందీ, మర్నాటి ఈసీజీ చెప్పిందీ రెండూ నిజమే కావచ్చు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను డాక్టర్లు పొట్టిగా ఏఎఫ్ అంటారు. ఇందులో గుండె పై గదులు సరిగా ముడుచుకోవడం మాని ఊరికే వణుకుతుంటాయి. నిమిషానికి 350 నుంచి 600 దాకా అడ్డదిడ్డంగా విద్యుత్ సంకేతాలు పుడతాయి. పై గదులకూ కింది గదులకూ మధ్య ఉండే ఏవీ నోడ్ వాటిలో కొన్నింటినే కిందికి వదులుతుంది, అదీ ఒక వరస లేకుండా. అందుకే నాడి పట్టుకుంటే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం ఎప్పుడూ ఒకేలా ఉండదు. తొలి రోజుల్లో ఇది వచ్చి పోతుంటుంది. గంట ఉండొచ్చు, రెండు రోజులు ఉండొచ్చు. ఏడు రోజుల్లోపు దానంతటదే సర్దుకుంటే పారాక్సిస్మల్ ఏఎఫ్ అంటారు. క్లినిక్‌లో మీ చేతికిచ్చిన ఈసీజీ కాగితంలో ఉండేది సుమారు పది సెకన్ల గుండె. రాత్రి రెండింటికి వచ్చి తెల్లారేలోపు పోయినదాన్ని ఆ పది సెకన్లు ఎలా పడతాయి?

వాచీ పద్ధతి వేరు. దాని వెనక మినుకుమినుకుమనే ఆకుపచ్చ దీపాలు చూసే ఉంటారు. రక్తం ఆకుపచ్చ వెలుగును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం కాస్త పెరిగి, తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని బట్టి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడాన్ని వాచీ లెక్క కడుతుంది. చెయ్యి కదలకుండా ఉన్న సమయం చూసుకుని నిమిషంపాటు కొలుస్తుంది. తేడా కనబడితే వెంటనే గంట కొట్టదు, మళ్లీ మళ్లీ కొలుస్తుంది. యాపిల్ వాచీలో కనీసం 65 నిమిషాల వ్యవధిలో ఆరింటికి ఐదు కొలతలు లయ తప్పినట్టు తేలాకే హెచ్చరిక పంపుతుంది. అంటే మీ వాచీ ఏదో ఒక్క దెబ్బ చూసి కంగారు పడలేదు.

అలాగని అదే రోగనిర్ధారణ కాదు. 2019లో వెలువడిన యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది చేరితే 0.52 శాతం మందికే హెచ్చరిక వచ్చింది. 65 దాటినవారిలో ఇది సుమారు 3 శాతం, 40 లోపువారిలో 0.16 శాతం. హెచ్చరిక వచ్చినవారికి ఛాతీకి అంటించుకునే ఈసీజీ ప్యాచ్‌ను పోస్టులో పంపారు. ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఏఎఫ్ దొరికింది. మిగతా 66 శాతం తప్పుడు హెచ్చరికలే అని చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్యాచ్ చేతికందేసరికే రోజులు గడిచాయి, ఈలోగా లయ సర్దుకున్నవాళ్లు ఎందరో. ప్యాచ్ ఒంటిమీద ఉండగానే వాచీ హెచ్చరించిన సందర్భాలను విడిగా చూస్తే, ఆ క్షణంలో 84 శాతం నిజంగా ఏఎఫే. ఫిట్‌బిట్ వాచీలతో 4,55,699 మందిపై చేసిన అధ్యయనంలో ఇదే లెక్క 98 శాతం తేలింది.

మీరు చేయాల్సింది ఇది. హెచ్చరిక మళ్లీ వస్తే ఉన్నచోటే కూర్చుని వాచీలోని ఈసీజీ యాప్‌తో 30 సెకన్ల రికార్డు తీయండి. ఏఎఫ్ ఉందని చెప్పడానికి డాక్టరు చూసి ఒప్పుకున్న ఈసీజీ కావాలి, 30 సెకన్ల ఒంటి లీడ్ (ఒకే కోణం నుంచి తీసిన) రికార్డైనా చాలు. పచ్చ దీపాల హెచ్చరిక మాత్రం చాలదు. ఈలోగా గుండె డాక్టర్‌ను కలిసి హెచ్చరికల తేదీలు, వేళలు చూపించండి. ఎకో (గుండె స్కాన్), థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, పొటాషియం, కిడ్నీ పరీక్షలు, హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ రికార్డరు) రాస్తారు. హోల్టర్ 24 గంటలా, 48 గంటలా, ఏడు రోజులా అని అడగండి. నెలకు రెండుసార్లు వచ్చేదానికి 24 గంటల హోల్టర్ అంటే వల వేసి ఒక్క చేప కోసం చెరువు గట్టున కూర్చున్నట్టే, ఎక్కువ రోజుల ప్యాచ్ మేలు. గురక పెట్టి మధ్యమధ్య ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు అంటుంటే ఆ సంగతీ చెప్పండి, స్లీప్ ఆప్నియాకూ ఏఎఫ్‌కూ దగ్గరి చుట్టరికం.

ఇంకో మాట. చాలామంది రాత్రి వాచీ తీసి ఛార్జింగ్‌కు పెడతారు. చెయ్యి కదలని ఆరేడు గంటలే దానికి పంటకాలం. స్నానానికి వెళ్లేటప్పుడు ఛార్జింగ్ పెట్టుకోండి.

ప్రశ్న: పై ఉత్తరం లాంటిదే. ఏఎఫ్ ఉందని తేలితే జీవితాంతం రక్తం పలచబరిచే మందు వేసుకోవాలా? రోజూ ఎకోస్ప్రిన్ వేసుకుంటే సరిపోదా?
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, ఏఎఫ్‌లో వచ్చే పక్షవాతానికి అది సరైన అడ్డుకట్ట కాదు. వణికే పై గదిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఏఎఫ్ ఉన్నవారికి ఈ ముప్పు సుమారు ఐదు రెట్లు. దీన్ని ఆపేవి ఎపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ లాంటి మందులు.

అందరికీ వేయరు. మార్కులు వేసి చూస్తారు: గుండె వైఫల్యానికి 1, బీపీకి 1, షుగర్‌కు 1, గుండెపోటు లాంటి రక్తనాళాల జబ్బుకు 1, వయసు 65–74 అయితే 1, 75 దాటితే 2, ఇదివరకు పక్షవాతం వచ్చి ఉంటే 2. మొత్తం 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే మందు వేయమనే సలహా. 1 అయితే డాక్టరూ మీరూ కూర్చుని తేల్చుకోవాలి. హనుమకొండ పాఠకుడి విషయంలో బీపీకి ఒకటి, వయసుకు ఒకటి, అప్పుడే 2. ఏఎఫ్ రుజువైతే ఆయనకు మందు మాట వస్తుంది.

అసలు చిక్కు కొద్ది నిమిషాలే వచ్చి పోయే ఏఎఫ్ దగ్గర ఉంది. 2023లో వచ్చిన ఆర్టీసియా అనే పెద్ద పరీక్షలో పేస్‌మేకర్ లాంటి పరికరాల్లో 6 నిమిషాల నుంచి 24 గంటల దాకా ఏఎఫ్ కనబడిన 4,012 మందిని తీసుకున్నారు. ఎపిక్సబాన్ వేసుకున్నవారిలో పక్షవాతం ఏడాదికి 0.78 శాతం, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.24 శాతం. కానీ తీవ్రమైన రక్తస్రావం 0.94 నుంచి 1.71 శాతానికి పెరిగింది. ఒకవైపు లాభం, ఇంకోవైపు నష్టం. వాచీలో ఒక్కసారి ఏఎఫ్ అని రాగానే మందుల దుకాణానికి పరుగెత్తవద్దనేది ఇందుకే. వాడుతున్న మందును సొంతంగా ఆపేయడం అంతకన్నా ప్రమాదం, ఈ మందుల పని ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోతుంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఉన్నట్టుండి గుండె దడ మొదలవుతుంది, పావుగంటకు టక్కున ఆగిపోతుంది. ఆసుపత్రికి వెళ్లేసరికి ఏమీ ఉండదు, టెన్షన్ అంటారు. ఈసీజీ ఉన్న వాచీ కొన్నాను. దడ వచ్చినప్పుడు తీస్తే 'నిర్ధారణ కాలేదు' అని వస్తోంది, ఇంకోసారి 'రికార్డు సరిగా లేదు' అని. డబ్బు దండగేనా?
ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ 'నిర్ధారణ కాలేదు' రికార్డు దండగ కాదు, దాన్ని చెరిపేయకండి. వాచీలోని లెక్క ఏఎఫ్ ఉందా, మామూలు లయ ఉందా అని మాత్రమే చూడగలదు, అదీ గుండె వేగం ఒక హద్దులో ఉంటేనే. యాపిల్ కొత్త వెర్షన్‌లో ఆ హద్దు 50 నుంచి 150. మీకు 180 ఉంటే అది చేతులెత్తేస్తుంది. కానీ గీత అక్కడే ఉంటుంది, చదవగలిగేవాళ్లు చదువుతారు. స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ ఆపినట్టు ఆగే దడ అంటే ఎస్‌వీటీ అనే జబ్బు అనుమానించాలి. ఏఎఫ్ కాదు, ఇక్కడ లయ గడియారంలా సమంగా, వేగంగా ఉంటుంది. నిరూపణ అయితే అబ్లేషన్‌తో (దడ పుట్టించే చోటును సన్నటి తీగతో మాడ్చే చికిత్సతో) చాలామందికి పూర్తిగా పోతుంది. ఏళ్ల తరబడి 'టెన్షన్' అనిపించుకున్నవారికి ఒక్క మంచి రికార్డు చాలు దారి మారడానికి.

కాబట్టి 'రికార్డు సరిగా లేదు' అన్నదాన్ని సరిచేద్దాం.

వాచీలో రెండు లోహపు తావులు ఉంటాయి. వెనక వైపుది పెట్టుకున్న చేతికి తగులుతుంది. రెండోది రెండో చేతి వేలితో ముట్టుకోవాలి: యాపిల్‌లో పాత వాచీలకు కీ ఇచ్చే చోట ఉండే గుండ్రటి బొత్తం, శాంసంగ్ గెలాక్సీలో పక్కనున్న పై బొత్తం. ఎడమ చేతికీ కుడి చేతికీ మధ్య గుండె మీదుగా వలయం పూర్తయితేనే ఈసీజీ వస్తుంది. ముందు మణికట్టును తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, నూనె, లోషన్, చెమట అన్నీ అడ్డే. పట్టీని ఒక రంధ్రం బిగించండి. మణికట్టు ఎముక మీద కాకుండా దానికి ఒక వేలు పైన పెట్టండి. కుర్చీలో వెనక్కి ఆనుకుని రెండు ముంజేతులూ బల్ల మీద వదిలేయండి. చేతులు గాల్లో ఉంటే భుజాల కండరాల విద్యుత్తు గీతలోకి ఎక్కి గుబురు గడ్డిలా కనబడుతుంది. వేలు ఆనిస్తే చాలు, బొత్తం నొక్కక్కర్లేదు, నొక్కితే యాప్ మూసుకుపోతుంది కూడా. 30 సెకన్లూ మాట్లాడకండి.

గీత అంతా సన్నటి, ఒకే తీరు రంపపు పళ్లలా ఉంటే అది కరెంటు. మన ఇళ్లలో 50 హెర్ట్జ్ కరెంటు ఒంటి మీదుగా గీతలో చేరుతుంది. ఛార్జర్‌కు తగిలించిన ఫోను, లాప్‌టాప్ పక్కన పెట్టి, ప్లగ్గులకు కాస్త దూరంగా కూర్చుని మళ్లీ తీయండి. గీత తలకిందులుగా వస్తే సెట్టింగ్స్‌లో ఏ చేతికి పెట్టుకున్నారో తప్పుగా ఉన్నట్టు. చేతులు వణికే జబ్బు ఉన్నవారిలో ఆ వణుకు ఏఎఫ్ అలల్లా కనబడి వాచీని మోసం చేస్తుంది, ఆ విషయం డాక్టర్‌కు చెప్పాలి.

దడ మొదలైన వెంటనే ఒకటి, దడ కొనసాగుతుండగా ఒకటి, ఆగాక ఒకటి, మూడు తీయండి. ఫోనులోంచి పీడీఎఫ్‌గా పంపండి. తెర ఫొటో వద్దు. పీడీఎఫ్‌లో గళ్ల కాగితం ఉంటుంది: సెకనుకు 25 మిల్లీమీటర్ల లెక్కన, పెద్ద గడి ఒక్కోటి 0.2 సెకను. డాక్టర్ చూసేది ఆ గళ్లనే. పెద్ద శిఖరానికి ముందు చిన్న దిబ్బలా ఉండే పీ తరంగం ఉందా, లేదా. శిఖరాల మధ్య గళ్లు సమంగా ఉన్నాయా, లేదా. ఏఎఫ్‌లో ఆ దిబ్బ ఉండదు, గళ్ల లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎలాంటి జబ్బూ లేదు. మొన్న వాచీ నా గుండె వేగం 38 అని చూపించింది. అప్పటినుంచి రోజుకు పాతిక సార్లు ఈసీజీ తీస్తున్నాను. అన్నీ మామూలు లయే అంటోంది. ఒక్కోసారి మాత్రం గుండె ఒక దెబ్బ వదిలేసి కొట్టుకున్నట్టుంటుంది.
ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 38 అన్నప్పుడు మీ గుండె 76 సార్లు కొట్టుకుని ఉండవచ్చు. వేళకు ముందే వచ్చే దెబ్బలను ఎక్టోపిక్స్ అంటారు. అవి దాదాపు అందరిలోనూ అప్పుడప్పుడు వస్తాయి. టైముకు ముందే రావడంవల్ల గుండె నిండే వ్యవధి ఉండదు, రక్తం సరిగా పంపదు, మణికట్టు దాకా అల చేరదు. పచ్చ దీపం ఆ దెబ్బను చూడదు. ఒకటి మామూలు, ఒకటి ముందస్తు వరసగా వస్తుంటే వాచీ సగమే లెక్కపెడుతుంది. ముందస్తు దెబ్బ తర్వాత వచ్చే చిన్న విరామమే మీకు 'వదిలేసినట్టు' తోచేది, దాని తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. ఈసారి అలా అనిపించినప్పుడు తీసిన ఈసీజీలో వేగం ఎంతుందో చూడండి, తేడా తెలిసిపోతుంది.

మీ వయసువారిలో ఊపిరి పీల్చినప్పుడు గుండె వేగం పెరిగి, వదిలినప్పుడు తగ్గడం కూడా సహజమే. అది లయ తప్పడం కాదు.

ఒకసారి మామూలు ఈసీజీ, ఎకో, టీఎస్‌హెచ్ చేయించుకోండి. కాఫీ, ఎనర్జీ డ్రింకులు, నిద్ర లేమి, సిగరెట్ ఉంటే వాటి లెక్కా డాక్టర్‌కు చెప్పండి. ఎక్టోపిక్స్ ఎక్కువనిపిస్తే 24 గంటల హోల్టర్‌తో మొత్తం దెబ్బల్లో అవి ఎంత శాతమో లెక్క తీస్తారు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, పరుగెడుతూ మీరు కళ్లు తిరిగి పడినా ఆ మాట దాచకండి, అప్పుడు సంగతి వేరు. ఇవేవీ లేకపోతే రోజుకు పాతిక సార్లు తీయడం మానండి. లక్షణం ఉన్నప్పుడు తీసేదే పనికొచ్చేది. ఏమీ లేనప్పుడు మీటలు నొక్కుతుంటే ఎప్పుడో ఒకప్పుడు 'నిర్ధారణ కాలేదు' అని రాక మానదు, ఆ రాత్రి మీకు నిద్ర ఉండదు.

ప్రశ్న: రెండున్నర వేలకు కొన్న వాచీలో ఈసీజీ ఉందన్నారు. నమ్మవచ్చా?
ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండో చేత్తో ముట్టుకోకుండానే గీత వస్తుందా? వస్తే అది ఈసీజీ కాదు, పచ్చ దీపం లెక్కను గీతగా గీసి చూపే బొమ్మ. అడుగుల లెక్కకు వాడుకోండి.

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. చిన్నప్పటి కీళ్ల జ్వరంవల్ల గుండె కవాటం సన్నబడిందని, ఏఎఫ్ ఉందని నాలుగేళ్ల కింద చెప్పారు. రక్తం పలచబరిచే ఎసిట్రోమ్ వాడుతోంది. నలభై వేలు పెట్టి వాచీ కొనిద్దామనుకుంటున్నాను. ఏది మంచిది?
ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వాచీ కొనకండి, ఆ డబ్బు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే) పరీక్షలకు దాచండి.

లయ హెచ్చరిక ఏఎఫ్ ఉందో లేదో తెలియనివారి కోసం. ఏఎఫ్ ఉన్నట్టు ముందే తేలినవారికి ఆ సదుపాయం ఉద్దేశించలేదని తయారీదారే చెబుతాడు. అమ్మగారికి ఏఎఫ్ ఉన్న సంగతి తెలిసిందే. ఎప్పుడూ ఉండేదాన్ని వాచీ రోజూ చెప్పి ఏం లాభం? ఆమెను పక్షవాతం నుంచి కాపాడేది ఐఎన్ఆర్ 2 నుంచి 3 మధ్య నిలవడం. మోతాదు కుదిరేదాకా వారం వారం, కుదిరాక డాక్టర్ చెప్పిన వ్యవధిలో, మామూలుగా నెలకోసారి పరీక్ష చేయించాలి.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఇరుగుపొరుగువాళ్లు "కొత్త మాత్రలు వచ్చాయి, వాటికి రక్తపరీక్షలే అక్కర్లేదు" అంటారు. రుమాటిక్ జబ్బుతో, అంటే కీళ్ల జ్వరంవల్ల, కవాటం సన్నబడినవారికి ఆ సలహా చెల్లదు. 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరీక్షలో ఇలాంటి రోగులకు రివరాక్సబాన్ కన్నా పాత తరహా మందులే మెరుగని తేలింది. ఎసిట్రోమ్ ఆ పాత తరహాదే.

ఆకుకూరలు మానేయమని ఎవరైనా అంటే వినకండి. వాటిలోని విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుంది, నిజమే. కానీ వారం వారం ఒకే మోతాదులో తింటే దానికి తగ్గట్టు మాత్ర సర్దుతారు. పాలకూర, తోటకూర, మునగాకు నెలంతా ముట్టకుండా ఉండి, పండక్కి మూడు రోజులు గిన్నెలు గిన్నెలు తింటేనే లెక్క తప్పుతుంది. నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ మాత్రం అడగకుండా వేయకండి. నల్లటి విరేచనం, చిగుళ్ల నుంచి ఆగని రక్తం, తలకు దెబ్బ, ఈ మూడింటిలో ఏది జరిగినా మర్నాటి దాకా ఆగవద్దు.

నాడి చూడటం నేర్చుకోండి, పైసా ఖర్చు లేదు. బొటనవేలి మొదట్లో, మణికట్టు లోపలివైపు మూడు వేళ్లు ఆనించి నిమిషం పాటు లెక్కించండి. ఏఎఫ్‌లో లయ అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి పావు నిమిషం లెక్కించి నాలుగుతో గుణించడం కుదరదు. విశ్రాంతిలో 110 దాటుతూ ఉంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ప్రశ్న: గుండెపోటు వస్తే వాచీ ముందే చెబుతుందా?
ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చెప్పదు. ఆసుపత్రి ఈసీజీకి పది ఎలక్ట్రోడ్లు పెట్టి 12 కోణాల నుంచి చూస్తారు. వాచీ ఒక్క కోణం నుంచే, లీడ్ వన్ నుంచే చూస్తుంది. గుండె ముందు, వెనక, అడుగు భాగాల్లో జరిగేది దానికి కనిపించదు. ఛాతీలో బరువు, చెమటలు, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే, వాచీ మామూలు లయ అని చూపినా 108కి ఫోన్ చేయండి. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనబడినా అంతే. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణం మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే సమయం. కాబట్టి మనిషి చివరిసారి ఎప్పుడు మామూలుగా ఉన్నారో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.

ప్రశ్న: నాకు పేస్‌మేకర్ ఉంది. వాచీ పెట్టుకోవచ్చా?
ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: పెట్టుకోవచ్చు. కానీ వాచీలోనూ దాని ఛార్జర్‌లోనూ అయస్కాంతాలు ఉంటాయి. పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో, వైర్‌లెస్ ఛార్జింగ్ జరుగుతున్నప్పుడు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి. పేస్‌మేకర్ ఎడమ వైపుంటే వాచీ కుడి చేతికి, సెట్టింగ్స్‌లో కూడా కుడి చెయ్యి అని మార్చి. వాచీ పెట్టుకున్న చెయ్యి తలకింద పెట్టుకుని ఆ వైపుకే తిరిగి పడుకునే అలవాటుంటే రాత్రి తీసేయడమే మంచిది. వాచీ ఈసీజీ ఫలితాన్ని నమ్మకండి, పేస్‌మేకర్ పుట్టించే దెబ్బలను అది తరచూ తప్పుగా చదువుతుంది. లయ ఎలా ఉందో మీ పేస్‌మేకర్‌లోనే రికార్డవుతుంది. తనిఖీకి వెళ్లినప్పుడు "పై గదుల్లో ఏఎఫ్ ఏమైనా రికార్డయిందా, ఎంతసేపు?" అని అడగండి.